బోర్డు మీద పేరు

హుజూర్‌నగర్,
20 జనవరి 2023

పుష్పమ్మ వదినెకు మరదలు అండాలు దండం పెట్టి రాసేది.

నేను బాగున్నాను. నీ మోకాళ్లు ఎట్లున్నాయో రాయి. నీకు చెవులు పూర్తిగా పోయినప్పటి నుంచి ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏందీ?" అనడం, మన సంగతులన్నీ వాడకట్టు వినడం, అంతే అయింది. నువ్వే ఉత్తరం రాయమన్నావు. వయోజన బడిలో నేర్చుకున్న అక్షరాలు నీ కోసమన్నా పనికొస్తాయని మొదలుపెట్టాను. తప్పులుంటే నవ్వుకో, నీ మనవరాలు వర్షితకు మాత్రం చూపించకు.

విజేందర్ పోయి పదిహేను నెలలైంది. నువ్వు దినాలకు వచ్చినప్పుడు రోడ్డు మీది మడిగె మూసి ఉంది కదా, నా కొడుకు కాలిన బోరు మోటర్లకు తీగ చుట్టే దుకాణం. ఇప్పుడు అది తెరిచే ఉంటుంది. మహేష్ అని ఒకతను, అదే పని తెలిసినవాడు, కిరాయికి తీసుకున్నాడు. వచ్చిన రోజే అన్నాడు: "అమ్మా, బోర్డు తియ్య. విజేందరన్న పేరు గట్లనే ఉంటది. నన్ను గూడ నీ కొడుకే అనుకో."

"విజేందర్ మోటర్ వైండింగ్" అనే బోర్డు అట్లనే ఉంది. వారానికోసారి నేను పోతాను. స్టూలు తుడిచి వేస్తాడు. పక్కన బీరమ్మ హోటల్ నుంచి చాయ తెప్పిస్తాడు. గోడకున్న విజేందర్ ఫోటో ముందు ఊదుబత్తి వెలిగిస్తాడు. ఊదుబత్తి వాసన, వార్నిష్ వాసన కలిసి వస్తే నేను కళ్లు మూసుకుంటాను. మూసుకుంటే అక్కడ నా కొడుకే కూచుని తీగ చుడుతున్నట్టుంటుంది. అంత మంచి మనిషి దొరకడం నా అదృష్టం వదినె.

ఇంతే సంగతులు.
అండాలు


కొల్లాపూర్,
2 ఫిబ్రవరి

అండాలుకు,

ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. నేను అయిదో తరగతి దాకా చదివినా అట్లా రాయలేను.

ఊదుబత్తి గురించి రాశావు. చాయ గురించి రాశావు. స్టూలు తుడవడం కూడా రాశావు. కిరాయి గురించి ఒక్క ముక్క లేదు. నాకు చెవులు పోయాయి గాని కళ్లు పోలేదు.

ఇంకొక మాట. నీ కాగితం మూలకు ఎర్రటి వేలిముద్ర ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాలుగు తుమ్ములు వచ్చాయి. మిరపకాయలు ఏరే కూలికి పోతున్నావు కదా? రోడ్డు మీద మడిగె కిరాయికిచ్చిన మనిషి ఎండలో మిర్చి ఎందుకు ఏరుతున్నట్టు?

నా తమ్ముడు పోయినప్పుడు కూడా నువ్వు ఇట్లనే అన్నీ కడుపులో పెట్టుకున్నావు. దాచకుండా రాయి.

నీ వదినె
పుష్పమ్మ


హుజూర్‌నగర్,
14 ఫిబ్రవరి

వదినెకు,

నీ ఉత్తరం చదివి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని ఇది రాస్తున్నాను.

మొదటి రెండు నెలలు కిరాయి ఇచ్చాడు. ఆ తర్వాత లేదు. పదకొండు నెలలైంది. అడగాలనే పోతాను. వాడకట్టు మూల తిరిగేదాకా నోట్లో మాట సిద్ధంగా ఉంటుంది. మడిగెలోకి పోగానే ఊదుబత్తి వెలుగుతుంది. "కొడుకు ముందల కొడుకును కిరాయి అడుగుతవా అమ్మా?" అంటాడు. చాయ తాగి, ఏడ్చి, ఇంటికొస్తాను.

అసలు నిజం ఇంకొకటుంది. నీకు తప్ప ఎవరికీ చెప్పను. నాకు కిరాయి మీద లేదు ధ్యాస. ఆ బోర్డు కింద షట్టరు తెరిచి ఉండాలి, లోపల తీగ చుట్టే చప్పుడు రావాలి. అదొక్కటి ఉంటే చాలనుకున్నాను. విజేందర్ ఉన్నప్పుడు వాడు చుట్టేవాడు, నేను లెక్కపెట్టేదాన్ని. పది చుట్లకు ఒక చింతగింజ డబ్బాలో వేయమనేవాడు. "మెషిన్ తప్పుతదేమో గాని మా అమ్మ తప్పది" అనేవాడు వచ్చిన రైతులతో. ఇప్పుడు మిర్చి ఏరుతుంటే కూడా పదికొకసారి చెయ్యి ఆగుతుంది.

తిట్టకు.
అండాలు


కొల్లాపూర్,
24 ఫిబ్రవరి

అండాలూ,

తిట్టను. తిట్టడానికి నువ్వు ఎదురుగా ఉండాలి.

ఊదుబత్తి కట్ట పది రూపాయలు. పది రూపాయలతో పదకొండు నెలలు మడిగె నడిపాడంటే వాడు మోటర్ల పని కంటే పెద్ద పనే నేర్చుకున్నాడు. ఒక్కదానివి పోకు. మీ వార్డు పెద్దమనుషులను వెంట పెట్టుకుని పో. ఫోటో దిక్కు చూడకు. వాడి మొకం దిక్కు చూసి అడుగు.

ఇక్కడ నా ఇంట్లోనూ పంచాయితీ ఉంది. వర్షిత ఐటిఐలో ఎలక్ట్రీషియన్ పాసైంది కదా. పని చేస్తానంటుంది. మా పెద్దోడు, "ఆడివిల్ల పానా పట్టుకొని తిరిగితే ఎవడు చేసుకుంటడే?" అంటాడు. పిల్ల ఇంట్లో ఊరికే కూచోలేక నా గ్రైండర్ విప్పింది. విప్పి బిగించాక ముందటికంటే బాగా తిరుగుతోంది. అయినా వాడికి బుద్ధి రాలేదు.

పోయి అడిగి, ఏమైందో రాయి.
పుష్పమ్మ


హుజూర్‌నగర్,
19 మార్చి

వదినెకు,

రాయడం ఆలస్యమైంది.

నువ్వు చెప్పినట్టే పెద్దమనుషులతో పోయాను. ఫోటో దిక్కు చూడలేదు. "ఖాళీ చెయ్యి బిడ్డా" అన్నాను. మహేష్ నవ్వాడు. లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి పెద్దమనిషి చేతిలో పెట్టాడు. మడిగె పదేండ్లు వాడికే ఇచ్చినట్టు, పదేండ్ల కిరాయి ముందే నాకు ముట్టినట్టు అందులో ఉంది. కింద నా సంతకం. నాదే వదినె. డాకు దీర్ఘం తప్పు పెడతాను చూడు, అదీ అట్లనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి నెలలో ఒకసారి, "కరెంటు మీటర్ కాగితం అమ్మా, గీడ ఒక్క సంతకం" అన్నాడు. పెట్టాను. ముందు వేలిముద్ర వేసే రోజుల్లో ఏ కాగితమైనా ఎవరితోనన్నా చదివించుకుని గాని వేసేదాన్ని కాదు. సంతకం నేర్చుకున్నాక అడగడానికి నామోషీ అయింది. సంతకం పెట్టే మనిషికి చదవ రాదా అని నవ్వుతారనుకున్నాను. పేరు రాయడం వచ్చింది గాని కూడబలుక్కుని చదవడానికి అరగంట పడుతుందని వాడి ముందు ఎట్లా చెప్పను?

వకీలు దగ్గరికి పోయాము. రిజిస్ట్రీ కాని పదేండ్ల కాగితం నిలబడదన్నాడు. కానీ కేసు వేసి ఖాళీ చేయించేసరికి రెండేండ్లో మూడేండ్లో అన్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. మొన్న జరిగింది ఒక ఎత్తు.

పొద్దున ఒక రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు భిక్షం. కాలువ చివరి ఊరు, కాలువ నీళ్లు అందక బోరు మీద బతికే మనిషి. చేతిలో కాలిపోయిన తీగ ముక్క. గడపలో నిలబడి అరిచాడు:

"విజేందర్ ఏడమ్మా? జర బయటికి పిలువు. మడిగెల ఎప్పుడడిగినా లేడు, బయటికి పోయిండంటరు. గిదేం పని చేసిండు? రాగి అని చెప్పి అల్యూమినియం చుట్టి ఇచ్చిండు. ఇరవై దినాలకే కాలింది. ఎకరం వరి పొట్ట మీద ఎండింది. ఆరేండ్ల సంది ఆయనకే ఇస్తున్న, గట్లాంటోడు కాడే!"

నా కొడుకు పోయిన సంగతి ఆయనకు తెలియదు వదినె. బోర్డు చూసి ఇస్తున్నాడు. ఆ ఊళ్లవాళ్లంతా అట్లనే ఇస్తున్నారట.

నేను చెప్పాను. "నా కొడుకు లేడు బిడ్డా. కోదాడ రోడ్డు మీద లారీ గుద్దింది. పోయిన ఏడాది కాదు, ఆ ముందు ఏడాది." ఆయన గడపలోనే కింద కూలబడ్డాడు. తువ్వాలు మొకం మీద కప్పుకున్నాడు. తువ్వాలు కింద నుంచే అన్నాడు: "మరి గిన్ని దినాలు ఊళ్లల్ల ఆయన్నే తిడుతున్నం గదమ్మా."

ఆ మాట నన్ను అన్నం తిననివ్వడం లేదు.
అండాలు


కొల్లాపూర్,
28 మార్చి

నా అండాలుకు,

నీ ఉత్తరం వర్షితకు కూడా చదివి వినిపించాను. చూపించకు అన్నావు, చూపించలేదు. చదివాను. నాకు నేను గట్టిగా చదువుతున్నానో మెల్లగా చదువుతున్నానో తెలియదు కాబట్టి వీధి వీధంతా విన్నది. మహేష్‌కు కొల్లాపూర్‌లో పిల్ల దొరకదిక.

సంతకం గురించి సిగ్గుపడకు. సిగ్గు పడాల్సింది వాడు.

నాకు చెవులు మందగించిన ఏడాది విజేందర్ ఇక్కడికి వచ్చాడు, గుర్తుందా? మా పొలం మోటరు విప్పి చుట్టి, బల్ల మీద పెట్టి స్విచ్ వేశాడు. నేను "నడుస్తున్నదా?" అని అడిగాను. వాడు నా చెయ్యి పట్టుకుని మోటరు మీద పెట్టాడు. "అత్తా, మంచిగ చుట్టిన మోటరు పిల్లి లెక్క గురగురమంటది. ఖరాబు చుట్టింది చేతిని గుద్దుతది. నీకు చెవులెందుకు?" అన్నాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. ఆ రోజు నుంచే నాకు చెవులు లేవనే దుఃఖం సగం తగ్గింది.

వాడు నాకు అక్కడున్నాడు, ఈ అరచేతిలో. ఫోటోలో లేడు, ఊదుబత్తిలో లేడు. ఏం చేయాలో నేను చెప్పలేను. నీ కొడుకు, నీ మడిగె. కానీ నీకు ఈ ఒక్క మాట చెప్పాలనిపించింది.

పుష్పమ్మ


హుజూర్‌నగర్,
9 ఏప్రిల్

వదినెకు,

బోర్డు దించాను.

మూడు రోజులు ఆలోచించాను. బోర్డు ఉన్నన్నాళ్లు ఆ ఊళ్లలో నా కొడుకు బతికే ఉన్నాడు. దించితే వాడు పోయాడని ఊరూరా నేనే చెప్పినట్టు. ఉంచితే వాడు దొంగ అని ఊరూరా నేనే చెప్పినట్టు. రెండింట్లో తల్లి ఏది ఓర్చుకుంటుంది?

భిక్షం నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. నేనే ఎక్కాను. మహేష్ బయటికి ఉరికొచ్చాడు.

"అమ్మా, ఏం చేస్తున్నవ్? దిగు, పడ్తవ్!"

"పడితే పడ్త. భిక్షం, పానా అందియ్యి."

"పదేండ్లు నాకు రాసిచ్చినవ్. నీ సంతకమే ఉన్నది!"

"మడిగె రాసిచ్చిన. నా కొడుకు పేరు రాసియ్యలే. కాగితం తెచ్చి సదువు. బోర్డు అని ఏడనన్న ఉంటే దిగుత."

హోటల్ ముందు చాయ తాగేవాళ్లంతా లేచి నిలబడ్డారు. బీరమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "సదువు మహేషా, గట్టిగ సదువు, మేం గూడ ఇంటం" అన్నది. వాడు కాగితం తేలేదు.

నాలుగు బోల్టులు. మూడు వచ్చాయి. నాలుగోది రాలేదు. విజేందర్ ఏ పని చేసినా గట్టిగానే చేసేవాడు. దాని మీద చెయ్యి పెట్టి, "వదులు బిడ్డా, మల్ల పెడ్త" అన్నాను. భిక్షం పైకొచ్చి నూనె పోసి తిప్పితే అప్పుడు కదిలింది.

దిగి లోపలికి పోయాను, ఫోటో కోసం. గోడకు ఫోటో లేదు. తీగ చుట్టల వెనక మొకం గోడకు తిప్పి పెట్టి ఉంది, పైన బూజు. బీరమ్మ అప్పుడు చెప్పింది: "నీకెట్ల జెప్పాల్నో తెల్వక ఊకున్న అక్కా. నువ్వు మూల తిరగంగ జూసి ఫోటో గోడకు తగిలిస్తడు, నువ్వు పోంగనే దించుతడు." ఇన్నాళ్లు నేను ఆ ఊదుబత్తికి ఏడ్చాను వదినె.

ఫోటో కొంగుతో తుడుచుకుని తెచ్చుకున్నాను. బోర్డు భిక్షం నెత్తి మీద మోసుకొచ్చి ఇంట్లో గోడకు ఆనించాడు. పక్కన కూచుని ఇది రాస్తున్నాను. బోర్డు మనిషెత్తు ఉంది.

అండాలు


కొల్లాపూర్,
22 ఏప్రిల్

అండాలుకు,

బస్సులో ఒక బుట్ట మామిడికాయలు పంపాను. పచ్చడి వేయి, నీకూ, భిక్షానికీ, బీరమ్మకూ. గరిటె పట్టుకుని వచ్చిందని రాశావు చూడు, అది చదివి నేను నవ్వితే పక్కింటివాళ్లు ఏమైందో అని వచ్చారు.

నువ్వు నిచ్చెన ఎక్కావని మా పెద్దోడికి చెప్పాను. వర్షిత పక్కనుంచి, "అవ్వ పానా పట్టుకుంటే ఎవరేమన్నరు నాయినా?" అని అడిగింది. వాడు లేచి బయటికి పోయాడు.

పుష్పమ్మ


హుజూర్‌నగర్,
11 జూన్

వదినెకు,

మడిగె నా చేతికొచ్చింది.

బోర్డు దించినంక మహేష్ తన పేరుతో ఫ్లెక్సీ కట్టాడు, మొకం ఇంత పెద్దగా వేయించి. ఊళ్ల నుంచి మోటర్లు తెచ్చినవాళ్లు ఆగి, పైకి చూసి, "విజేందర్ ఏడి?" అని బీరమ్మను అడిగేవాళ్లు. ఆమె చెప్పేది. కొందరు అక్కడే కళ్లు తుడుచుకుని, మోటరు మళ్లీ ఆటో ఎక్కించుకుని పోయారు. కొందరు మా ఇంటికి వచ్చి కూచున్నారు. ఒక్కొక్కరు నా కొడుకు గురించి ఒక్కొక్క మాట చెప్పారు. పైసల్లేకపోతే పంట వచ్చాక ఇవ్వమన్నాడట. వానలో వచ్చి బావిలోకి దిగాడట. నాకు తెలియని కొడుకు ఇంకా అంత మిగిలి ఉన్నాడు వదినె. దినాలకు రానివాళ్లంతా ఇప్పుడు వచ్చారు.

మహేష్ మాత్రం నెల దాటినా కదలలేదు. నన్ను రోడ్డు మీద చూసి, "కోర్టుకు పో, పదేండ్లు సూద్దాం" అన్నాడు. మే నెలంతా మోటర్ల పని ముమ్మరంగా ఉండాలి. వాడు షట్టరు తెరిచి ఈగలు తోలుకున్నాడు. నెలాఖరుకు తనే పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. పాత కిరాయి అడగకపోతే పోతానన్నాడు.

వకీలు కాగితం రాసి, "ఇగ సంతకం పెట్టమ్మా" అన్నాడు. నేను పెట్టలేదు. "సదివి పెడ్త. నాకు టైం పడ్తది, కూసోండ్రి" అన్నాను. వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాను. మహేష్ నిలబడి అటూ ఇటూ కదిలాడు. ఒక పెద్దమనిషి ఆవులించాడు. వకీలు "నేను జెప్తగదమ్మా" అన్నాడు. "జెప్పకు సారూ" అన్నాను. రెండు పేజీలు. వాడి దగ్గరున్న పాత కాగితం చింపాలని అందులో ఎక్కడా లేదు. అడిగాను. వకీలు నాలుక కరుచుకుని ఒక వరుస కలిపాడు. వాడు నా ముందు చింపాక అప్పుడు పెట్టాను సంతకం. డాకు దీర్ఘం కూడా సరిగా పెట్టాను.

కిరాయి పోతే పోయింది. పోతూ ఫ్యాను విప్పుకుపోయాడు, తీగ చుట్టలు పట్టుకుపోయాడు. చుట్టే మెషిన్ మోయలేక వదిలేశాడు. చింతగింజల డబ్బా కూడా వదిలేశాడు, చెత్త అనుకున్నాడేమో.

ఇప్పుడు షట్టరు మూసి ఉంది. తాళం నా కొంగుకు ఉంది. రెండు మూడు బేరాలు వచ్చాయి, ఒకరు సెల్‌ఫోన్ల దుకాణం, ఒకరు చికెన్. ఎవరికీ మాట ఇవ్వలేదు.

నీ మనవరాలు గ్రైండర్ ఒక్కటే విప్పిందా, ఇంకేమన్నా విప్పిందా?

అండాలు


కొల్లాపూర్,
20 జూన్

అండాలూ,

గ్రైండర్ విప్పింది. కూలర్ విప్పింది. మా పెద్దోడి స్ప్రేయర్ విప్పింది. ఇక ఇంట్లో విప్పడానికి మిగిలింది నేనే.

నీ ఉత్తరం మా పెద్దోడి చేతిలో పెట్టాను. ఈసారి నేను చదవలేదు, వాడినే చదువుకోమన్నాను. నువ్వు కాగితం చదివిన కాడికి వచ్చి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. నా మొకం ముందుకు వచ్చి, నాకు తెలిసేటట్టు పెదవులు పెద్దగా కదిలిస్తూ అన్నాడు: "ఆరు నెలలు సూద్దామే అమ్మా. అత్తమ్మ కాడనే ఉండాలె, ఒక్కతి ఏడికి పోవద్దు."

ఆదివారం బస్సుకు వర్షితను ఎక్కిస్తున్నాను. తన పానాల సంచి తనే మోసుకుంటుంది. జొన్నరొట్టె తినదు, ఆ ఒక్క గుణం మార్చు.

పుష్పమ్మ


హుజూర్‌నగర్,
13 ఆగస్టు

పుష్పమ్మ వదినెకు,

వర్షిత బాగుంది. జొన్నరొట్టె తింటోంది. నేను నేర్పలేదు, బీరమ్మ నేర్పింది.

మొదటి నెల ఒక్క మోటరు రాలేదు. వచ్చినవాళ్లు పిల్లను చూసి, "మీ నాయిన ఎప్పుడొస్తడు బిడ్డా?" అని అడిగి పోయేవాళ్లు. "మా నాయినకు బల్బు బిగించుడు గూడ రాదు" అనేది. ఊళ్లో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసి చాయకు మాత్రం సంపాదించింది. నాకు భయమేసింది, మీ పెద్దోడి ఆరు నెలలు ఇట్లనే పోతాయేమో అని.

ఈ నెల మొదట్లో భిక్షం వచ్చాడు. నాట్లు పడ్డాయట. ఆ కాలిన మోటరే ఆటోలో వేసుకొచ్చాడు. వేరేచోట చుట్టించినా మళ్లీ కాలిందట. దించి, పిల్లనొకసారి చూసి, నన్నొకసారి చూశాడు. "అక్కా, లెక్క నువ్వు పెడ్తవా?" అన్నాడు. "పెడ్త" అన్నాను. "అయితే చుట్టుండ్రి" అని బీరమ్మ హోటల్‌లో కూచున్నాడు.

పాత తీగంతా కోసి తీసింది వర్షిత. రాగి తీగ భిక్షం ముందరే తూకం వేయించింది. తను చుట్టింది, నేను లెక్కపెట్టాను. పదికొక చింతగింజ. నా నోట్లో అంకెలు తడబడతాయనుకున్నాను. తడబడలేదు. ఒకచోట తను ఆగి, "ముప్పై ఎనిమిదా అవ్వా?" అంటే "ముప్పై ఏడు, ఇంకొకటి చుట్టు" అన్నాను. విప్పి చూసుకుంది. ముప్పై ఏడే.

బోర్డు సంగతి కూడా రాయాలి. నాకు దాన్ని మళ్లీ పెట్టాలని లేకపోయింది. వాడు లేడని అందరికీ తెలిసిపోయింది కదా, లేనివాడి పేరు ఎందుకు అనిపించింది. వర్షితే అన్నది: "ఉన్నడని చెప్పనీకి కాదు అవ్వా. గీ మడిగెల పని ఎట్లుండాల్నో చెప్పనీకి." పెయింటర్‌ను పిలిచి తుడిపించాము. విజేందర్ పేరు అట్లనే ఉంది. కింద చిన్న అక్షరాలతో "పని: వర్షిత" అని రాయించాము. నిచ్చెన మళ్లీ భిక్షమే పట్టుకున్నాడు. నాలుగో బోల్టు నేను బిగించాను.

మోటరు బల్ల మీద పెట్టి, బోరు మోటరు కదా, లోపల నీళ్లు నింపి, వర్షిత స్విచ్ వేసింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, నాకేమీ వినపడలేదు. భిక్షం "నడుస్తున్నదా?" అని అడిగాడు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. చెయ్యి పెట్టాను.

గుద్దలేదు వదినె. పిల్లి లాగనే ఉంది.

ఈ నెలలో నాలుగు మోటర్లు ఒప్పుకున్నాము. నీ మోకాళ్లు సహకరిస్తే ఆదివారం బస్సెక్కి రా. బల్ల మీద ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. నీకు స్టూలు నేనే తుడిచి వేస్తాను. వచ్చి చెయ్యి పెట్టు.

నీ మరదలు
అండాలు